పటంలో లేని పాయ

మొమ్మె తన పెళ్లికి తాను బయల్దేరడం ఇది మూడోసారి.

మొదటిసారి పడవ తప్పిపోయింది. రెండోసారి పడవ దొరికింది గానీ, ఆ రోజు మంగళవారం. పెళ్లి సోమవారం అయిపోవాల్సింది.

ఈసారి పెళ్లికూతురు ఇంకెన్ ముందే కబురు పంపింది. ఆమె ఇల్లు సముద్రం మధ్యనున్న దిబ్బ మీద. పన్నెండు గంటలు కొట్టేలోపు గుమ్మంలో ఉంటే పెళ్లి. లేకపోతే పీతల పులుసు చుట్టాలు తాగేసి ఎవరిళ్లకు వాళ్లు పోతారు, ఇంకెప్పుడూ నా తలుపు తట్టొద్దు అంది.

మొమ్మెకు యాభై రెండేళ్లు. ఇంకెన్ లాంటి మనిషి మళ్లీ దొరకదని అతనికీ తెలుసు, అతని గొర్రెలకూ తెలుసు.

అయినా పడవ పోయింది. కరకట్ట మీద నిలబడి, పెళ్లయ్యాక గొర్రెల్ని ఎవరు చూస్తారు, వచ్చే చలికాలం గడ్డి సరిపోతుందా అని ఆలోచిస్తూ ఉంటే, కళ్లముందే వెళ్లిపోయింది.

ఇక మిగిలింది నడక. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయినప్పుడు, అక్కడివాళ్లు సముద్రం అడుగునే నడిచి దిబ్బ చేరతారు. రెండు గంటల దారి. పోటు రాకముందే దాటేయాలి.

మొమ్మె ఎన్నడూ అలా నడవలేదు. అందుకని రేవు దగ్గర కొట్లో దారి పటం ఒకటి కొన్నాడు. గోడకి బాగుంటుందని కొట్టువాడు ఏదో చెప్పబోయాడు. వినే తీరిక ఎవరికుంది?

నల్లకోటు, కొత్త బూట్లు, చేతిలో పటం. పెళ్లికొడుకు సముద్రంలోకి దిగాడు.

కొంత దూరం పోయాక ఒక ముసలామె కనిపించింది. వట్టి కాళ్లు. చేతిలో ఆమెకన్నా పొడుగు కర్ర. పది అడుగులు వేయడం, ఆగడం, కర్రతో బురద పొడవడం. ఒకచోట వంగి, ఇసుకలోంచి పైకొస్తున్న పురుగును చూస్తూ ఉండిపోయింది.

పనీపాటా లేని మనిషి అనుకున్నాడు మొమ్మె.

ఎక్కడికని ఆమె అడిగింది. పెళ్లికన్నాడు. ఎవరి పెళ్లి అంది. నాదే అన్నాడు. ఆమె అతని బూట్లకేసి చూసి, అవి విప్పేస్తే మంచిదంది. పెళ్లికొడుకు వట్టి కాళ్లతో పోతాడా అన్నాడు అతను.

ఇద్దరూ కలిసే నడిచారు. కాసేపటికి ఆమె కుడివైపు తిరిగింది.

"ఇటు చుట్టి పోదాం నాయనా. ఇవాళ నీళ్ల పాయ మనకి ఎదురుగా ఉంది, దాని పక్కంతా ఊబి."

"పాయ ఏమన్నా గొర్రా పెద్దమ్మా, రోజుకో చోట మేయడానికి?" మొమ్మె పటం విప్పాడు. "ఇదిగో పాయ, అల్లంత దూరాన. మనం నేరుగా పోవచ్చు."

ఆమె పటాన్ని చాలాసేపు చూసింది.

"గీసిన రోజున సరిగ్గానే ఉంది," అంది.

"ఇది గీసినవాళ్లు నీలాగా పురుగుల్ని చూస్తూ కూర్చునే రకం కాదు. కొలిచి గీశారు."

"కొలిచే గీశారు," అని ఒప్పుకుంది ఆమె.

ఒప్పుకుని ఊరుకోక, జేబులోంచి పెన్సిలు తీసి పాయ గీత మార్చబోయింది. మొమ్మె పటం లాగేసుకున్నాడు. తెలియని వస్తువు ముట్టుకోకూడదని బుద్ధి చెప్పి, నేరుగా నడిచాడు.

ఇరవై అడుగులు బాగానే పోయాడు.

ఇరవై ఒకటో అడుగు మోకాలి దాకా దిగింది. దాన్ని లాగబోతే రెండోది దిగింది. ఇంకాస్త లాగబోతే నడుం దాకా దిగాడు. పటం తడవకుండా మాత్రం తలమీద పట్టుకున్నాడు.

ముసలామె కంగారు పడలేదు. నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమె కర్రను అతని ముందు అడ్డంగా పడుకోబెట్టింది.

"పోటు వచ్చేస్తుందేమో," అన్నాడు మొమ్మె.

"వచ్చినప్పుడు చూద్దాం. ఇప్పుడు ఎడమకాలు."

"అక్కడ గంట కొట్టేస్తారు."

"కొట్టనీ. ఎడమకాలు. బూటు వదిలేసి కాలొక్కటే తియ్యి."

"ఇంకెన్ తలుపేసుకుంటుంది పెద్దమ్మా."

"ఇంకెన్ సంగతి ఇంకెన్ చూసుకుంటుంది. ఎడమకాలు నీది కదా, అది నువ్వు చూసుకో."

అతను చూసుకున్నాడు. ఎడమకాలు వచ్చింది. తర్వాత కుడికాలు వచ్చింది. బూట్లు రెండూ సముద్రం ఉంచుకుంది.

ఆ తర్వాత మొమ్మె ఆమె అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. వేళ్ల సందుల్లోంచి చల్లటి బురద పైకొస్తుంటే చిన్నపిల్లాడిలా దాన్నే చూసుకున్నాడు. గొర్రెలు, గడ్డి, చలికాలం ఏవీ గుర్తు రాలేదు. దిబ్బ కాళ్లకి తగిలేదాకా దిబ్బ వచ్చిందనే తెలియలేదు.

అప్పుడే గంట మొదలైంది. పోటులోపు పక్క దిబ్బకి పోవాలని ముసలామె అటు తిరిగింది. మొమ్మె పరుగెత్తాడు. పేరైనా అడగలేదు.

పదకొండో దెబ్బకి గుమ్మంలో ఉన్నాడు. నడుం దాకా బురద, కాళ్లకి బూట్లు లేవు, చేతిలో పటం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

ఇంకెన్ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ముందు కాళ్లు కడుక్కో," అంది. "తర్వాత చేసుకుందాం పెళ్లి."

చుట్టాలందరూ గుమ్మంలోకి వచ్చారు. ఇంకెన్ నీళ్లు పోస్తుంటే మొమ్మె దారిలో జరిగిందంతా చెప్పాడు. మనిషి మంచిదే గానీ చదువు లేనట్టుంది, ఇంత చక్కటి పటం మీద పెన్సిలు పెట్టబోయింది అన్నాడు.

ఇంకెన్ నీళ్లు పోయడం ఆపేసింది. వట్టి కాళ్లా, పొడుగు కర్రా అని అడిగింది. మొమ్మె అవునన్నాడు.

ఇద్దరూ సముద్రం వైపు చూశారు. నీళ్లు అప్పటికే నడిచొచ్చిన దారినంతా కప్పేశాయి. పక్క దిబ్బ గట్టెక్కి ఎవరో పోతున్నట్టు చిన్న చుక్క కనిపించి మాయమైంది.

"ఆవిడ గోండెల్," అంది ఇంకెన్. "నలభై ఏళ్ల కిందట ఈ పటం గీసింది ఆవిడే. అప్పట్నుంచీ ఏటా ఆ కొట్టుకెళ్లి, ఇక దీన్ని అమ్మకండయ్యా అని బతిమాలుతోంది."