పాపను ఎవరు చూస్తారు?

"బయట ఏడుస్తున్నది మీ పాపేనా? పీహెచ్‌డీలో చేరితే ఎవరు చూస్తారమ్మా?" ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ అడిగాడు.

"మా ఆయన ఎత్తుకున్నడు సార్. ఇప్పటిదాక ఈ కుర్చీల కూసున్న కుమార్ ఆయనే. ఆయన్ని గూడ ఇదే అడిగిన్రా?" అన్నది నవత.

ప్రొఫెసర్ ఫైలు మూసేశాడు. పరిశోధన గురించి ఒక్క ముక్క అడగకుండానే ఆమెను పంపేశారు.

క్యాంపస్ నుంచి తార్నాక బస్టాపు దాకా కుమార్ పాపను ఎత్తుకొని గొణుగుతూనే ఉన్నాడు. "మా అమ్మ చూస్తదంటే సరిపోయేది గద. ఒక్క మాటకు సీటు పాయె."

"నిన్నేమడిగిన్రు?"

కుమార్ నడక ఆపాడు. పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నా టాపిక్ గురించి అడిగిన్రు," అన్నాడు మెల్లగా.

"నన్ను గూడ అదే అడిగేదాక ప్రతి ఏడు వస్త," అన్నది నవత.