మామగారి డ్రిల్లింగ్ మిషన్

తెల్లారితే పాతసామాన్లవాడు వస్తాడు. ఆలోపు బాగుచేయకపోతే, పోయిన మామగారి డ్రిల్లింగ్ మిషన్ తుక్కులోకి పోతుంది. అందుకే అల్లుడు ఆ రాత్రి షెడ్డులో ఒంటరిగా, తుప్పు వదిలించిన భాగాలను ఒక్కొక్కటే బిగిస్తున్నాడు.

"నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అల్లుడుగారు కదా అని ఊరుకుంటాడనుకోకండి!" అని నవ్వేసి భార్య వెళ్లి పడుకుంది.

అతను పిడి పట్టి కిందికి లాగాడు. బెజ్జాలు వేసే బిట్టు నున్నగా దిగింది. పిడి వదిలేశాడు. అది ఎవరో అరచేత్తో సాగనంపినట్టు, నెమ్మదిగా, చప్పుడు లేకుండా పైకి వెళ్లింది. మామగారు పిడిని అలాగే చేత్తో పైకి సాగనంపేవారు.

"పర్లేదే, బాగానే కుదిరింది," అనుకున్నాడు. అప్పుడు కాళ్ల దగ్గరున్న కిరసనాయిలు డబ్బా కంటపడింది. పిడిని పైకి లాగాల్సిన స్ప్రింగు ఇంకా అందులోనే నానుతోంది.

ఎడమచెయ్యి బిట్టు కిందున్న మిషన్ బల్ల మీద ఆనించి, వంగి చూశాడు. స్ప్రింగే. అనుమానం లేదు.

తల పైన పిడి కిర్రుమంది. ఈసారి కిందికి.

చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు. దాని మీద ఇంకో అరచెయ్యి ఉంది. బెజ్జం వేయాల్సిన ముక్కను కదలకుండా పట్టుకున్నట్టు, గరుగ్గా, వెచ్చగా అదిమి ఉంది.