వేపచెట్టుకు బొట్టు

పెరట్లోని వేపచెట్టు తాతబ్బాయిని మూడేళ్ళు వేపుకుతింది. మెట్లెక్కలేని భార్య మంగాయమ్మకు కింద ఓ గది కట్టాలంటే ఆ చెట్టు తీయాలి. చెట్టు తీయాలంటే పురపాలక సంఘం కొమ్మ మీది ఉడతల అభ్యంతరాలు కూడా విని అనుమతివ్వాలి. ఆఖరికి ఉడతలు ఊ అన్నాయి. నరికే యంత్రం దానంతటదే నడుచుకుంటూ వచ్చింది.

“ఉండండి, ఉత్తినే కొట్టేస్తారా?” అంటూ మంగాయమ్మ చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, “తప్పయిపోయింది తల్లీ, క్షమించు” అని దణ్ణం పెట్టింది.

యంత్రం కన్ను ఎర్రబడింది. “ఇది పూజలందుకునే చెట్టండి. అనుమతి రద్దండి, ఆయ్.”

“పూజ కాదు మహాప్రభో, క్షమాపణ!” అని తాతబ్బాయి మొత్తుకున్నాడు.

“క్షమాపణకు నా ఫారంలో గడి లేదండి. పైగా పూజచెట్టు చుట్టూ ఆరడుగులు ఖాళీ ఉండాలండి. మీ వంటింటి గోడ నాలుగడుగుల్లోనే ఉంది. తీసెయ్యాలండి,” అంటూ యంత్రం రంపాన్ని గోడవైపు తిప్పింది.

మంగాయమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గబగబా గోడ దగ్గరికి నడిచింది.

“ఏమేవ్, మళ్ళీ క్షమాపణా?”

“కాదండీ. ఈసారి పూజే!”