ఏమనుకోకండి

"ఏమనుకోకండి ప్రొఫెసర్, ఒక్క ప్రశ్న."

ఆన్‌లైన్ క్లాసులో ఎవేలియో గొంతు అది. వెనకాల కోడి కూసింది.

కొలంబియాలోని మనిసాలెస్‌లో, తన గదిలో కూర్చున్న యాదిరా ఇయర్‌ఫోన్లు పీకేసి వంటింట్లోకి నడిచింది. పెనం మీద అరెపా, మొక్కజొన్న రొట్టె, మాడిపోతోంది. ఈయన మొదలుపెడితే ఇప్పట్లో వదలడు.

కాలేజీ కెనడాది. కరోనా పుణ్యమా అని ఈ కొలంబియా వాళ్లంతా ఇళ్లలోంచే చదువుతున్నారు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే పర్మిట్ వస్తుందా రాదా అన్నదే అందరి బెంగ. రాకపోతే ఆ డిప్లొమా గోడకి తగిలించుకోవడానికే. యాదిరా ఉన్న ఉద్యోగం వదులుకుని మరీ చేరింది.

ఎవేలియోది పాస్తో అనే ఊరు. నలభై దాటిన మనిషి. కెమెరా ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. పర్మిట్ గురించి ఆయన అడగని క్లాసు లేదు.

"'ఏమనుకోకండి' గారు మళ్లీ మొదలెట్టారు. నేను సౌండ్ తీసేశా" అని క్లాసు వాట్సాప్ గ్రూపులో తోటి విద్యార్థి దువాన్ రాశాడు.

"నేను టిఫిన్ చేసేస్తున్నా" అని యాదిరా రాసింది.

ఇంతలో కాలేజీ ఒక సబ్జెక్టు ఎత్తేసింది. మిగిలినవాటితో వీళ్లు పూర్తికాలం చదువుతున్నట్టు లెక్క కాదు. అంటే పర్మిట్ పోయినట్టే.

ఎవేలియో క్లాసులో అడిగాడు. ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాడు. గ్రూపులోనూ అదే గోల.

"మీరిలా పోరితే వాళ్లకి మనమీద కోపం వస్తుంది, ఎవేలియో గారూ. కాస్త ఊరుకోండి" అని రాసి, యాదిరా ఆయన్ని గ్రూపులోంచి తీసేసింది. దువాన్ చప్పట్ల బొమ్మ పెట్టాడు.

కొన్నాళ్లకి కాలేజీ ఇంకో సబ్జెక్టు ఇచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎందుకిచ్చిందో ఎవరికీ పట్టలేదు.

కెనడా చేరి, పర్మిట్ చేతికొచ్చాక, యాదిరా ఆ క్లాసులు చెప్పిన ప్రొఫెసర్ లొరెయిన్‌ని కలిసింది.

"ఆ సబ్జెక్టు ఇవ్వకపోతే మా గతేంటి మేడమ్."

"ఆ మాట ఎవేలియోకి చెప్పు. మమ్మల్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు."

యాదిరాకి తల కొట్టేసినట్టయింది. "ఆయన ఇక్కడ ఏ ఊళ్లో ఉంటున్నారు?"

"ఎలా వస్తారమ్మా? మొదటి టర్ములోనే ఆయనకి వీసా రాదని తేల్చేశారు. ఎంత చదివినా ఆయనకి పర్మిట్ రాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు."

"మరి అన్నిసార్లు ఎందుకడిగారు?"

లొరెయిన్ వింతగా చూసింది.

"నువ్వూ క్లాసులోనే ఉన్నావుగా. ఎప్పుడూ ఒకటే మాట కదా... 'ఏమనుకోకండి ప్రొఫెసర్, ఒక్క ప్రశ్న, నాకోసం కాదు, ఈ పిల్లల కోసం.'"