చారల చొక్కా

"మీరు చూడాల్సింది ఏడో నంబరుని కాదు కోచ్. ఇరవై రెండుని."

లొరేన్ కరసెక్ వెనక్కి తిరిగింది.

ఆ మాటన్నది అప్పటిదాకా మైదానంలో ఈల ఊదిన రిఫరీ. నలుపు తెలుపు చారల చొక్కా, బురద కొట్టుకుపోయిన బూట్లు. వయసు ముప్ఫై దాటి ఉంటుంది.

లొరేన్ పన్నెండేళ్ళుగా వెస్ట్రీ కాలేజీ అమ్మాయిల లాక్రాస్ జట్టుకి కోచ్. కొసన చిన్న వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట అది. ఈ బడి జట్టులో ఏడో నంబరు పిల్లని చూడాలని మూడు గంటలు మంచులో కారు నడుపుకుంటూ ఇంత ఉత్తరానికి వచ్చింది. ఆ పిల్ల ఇవాళ ఐదు గోల్స్ కొట్టింది.

"ఇరవై రెండా? నాలుగుసార్లు బంతి జారవిడిచింది."

"చేతులకి నేర్పొచ్చు. ఆ పిల్ల కాళ్ళు చూడండి. బంతి ఎటు పోతుందో అందరికంటే ముందు ఆ కాళ్ళకి తెలుస్తుంది."

"మీరు ఈల ఊదుకోండి. ఎంచుకోవడం నా పని."

రిఫరీ నవ్వేసింది.

"ఈల కూడా చలికి బిగుసుకుపోయింది లెండి," అంటూ వెళ్ళిపోయింది.

లొరేన్ ఏడో నంబరునే తీసుకుంది. ఇరవై రెండు ఇంకో కాలేజీలో చేరింది.

మూడేళ్ళ తర్వాత జాతీయ పోటీల ఫైనల్. ఆఖరి నిమిషం. వెస్ట్రీ ఒక్క గోలు వెనకబడి ఉంది.

ఏడో నంబరు బంతితో గోలు మీదికి దూసుకెళ్ళింది. ఎక్కడినుంచి వచ్చిందో, ఆనాటి ఇరవై రెండు అడ్డంగా నిలబడింది. కర్రకి కర్ర తగిలింది. బంతి కర్రకున్న వలలోంచి జారి గడ్డిలో పడింది.

కప్పు పోయింది.

మరుసటి ఏప్రిల్లో లొరేన్ మళ్ళీ ఉత్తరానికి వెళ్ళింది. ఆట అయ్యేదాకా ఆగి, నేరుగా రిఫరీ దగ్గరికి నడిచింది.

"ఈ ఏడాది ఎవరిని చూడమంటారు?"

దెప్పుతుందనుకుంది. ఆమె దెప్పలేదు.

"సరస్సు ఒడ్డు బళ్ళో ఎడమచేతి వాటం పిల్ల ఒకతి ఉంది. పొట్టిది, మొండిది. మొదటి వారం మీకు ఒళ్ళు మండిస్తుంది. రెండు వారాలు ఓపిక పట్టండి. ఈలోగా పంపించెయ్యకండి. అదొక్కటే నా షరతు."

"ఇందులో మీకేం వస్తుంది?"

"వారమంతా బడి బస్సు నడుపుతాను. శనివారం ఒక మంచి ఆట చూడాలని ఉండదా ఏంటి?"

అలా మొదలైంది.

ఏటా ఏప్రిల్లో ఫోను. ఒక పేరు, ఒక్కోసారి రెండు. లొరేన్ తన ఫోనులో ఆ నంబరుని "చారల చొక్కా" అని రాసుకుంది. పిలవడం మాత్రం జోలీన్ అనే పిలిచేది. మీరు కాస్తా నువ్వు అయింది.

పదకొండేళ్ళలో పద్నాలుగు మంది పిల్లలు. ఆమె అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు. వెస్ట్రీ మూడుసార్లు కప్పు గెలిచింది. ఎవరికీ అక్కర్లేని పిల్లల్ని ఏరి తెచ్చి గెలిపిస్తుందని లొరేన్‌కి దేశమంతా పేరొచ్చింది.

మూడో కప్పు గెలిచిన రోజు టీవీ వాళ్ళు అడిగారు. "ఈ పిల్లల్ని ఎలా కనిపెడతారు?"

"అనుభవం. చూడగానే తెలిసిపోతుంది," అంది లొరేన్.

ఇంకో మాట నోటిదాకా వచ్చింది. మైకు అప్పటికే పక్కకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫోను మోగింది.

"టీవీలో చూశాను కోచ్. జుట్టు భలే కుదిరింది."

"నీ పేరు చెప్పాల్సింది జోలీన్."

"చెప్పుంటే దేశంలో కోచ్‌లంతా నా వెంటపడేవాళ్ళు. బస్సెవరు నడుపుతారు?"

వచ్చే ఏడాది తనకి సన్మాన సభ ఉంది, అక్కడ అందరి ముందూ చెబుదాంలే అనుకుంది లొరేన్.

మరుసటి ఏప్రిల్లో ఫోను రాలేదు. తనే రెండుసార్లు చేసింది. ఎవరూ తియ్యలేదు. ఆటల హడావిడిలో మళ్ళీ చెయ్యలేదు.

మే మొదటి వారంలో అదే నంబరు మోగింది. గొంతు వేరు.

"నేను జోలీన్ చెల్లెల్ని, డార్లాని. అక్క పోయిందండీ. చలికాలం మొదట్లో క్యాన్సర్ అని తెలిసింది. ఎవరికీ చెప్పనివ్వలేదు."

లొరేన్ ఆ పద్నాలుగు మందికీ ఫోన్లు చేసింది. తొమ్మిది మంది వచ్చారు. ఒకతి చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చింది.

సమాధి దగ్గర ఆ పిల్లే మెల్లగా అడిగింది. "ఈవిడెవరు కోచ్? మాకు తెలియదే?"

"నాకు మిమ్మల్ని చూపించిన మనిషి," అంది లొరేన్. "నేను కనిపెట్టానని చెప్పుకున్నాను కదా. నేను కాదు. అందర్నీ తనే."

 పిల్లలు ఒక్కొక్కరే ముందుకెళ్ళి ఆ మట్టి మీద చెయ్యి ఆనించి వచ్చారు.

తర్వాత ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు. డార్లా అందరికీ ఉప్పునీళ్ళలో ఉడికించిన బంగాళాదుంపలు వెన్న పోసి వడ్డిస్తోంది. లొరేన్ పళ్ళెం పట్టుకుని ఆమె పక్కన నిలబడింది.

"ఇక్కడికి దగ్గర్లో ఎన్ని కాలేజీలు లేవు! మా జట్టంటేనే ఎందుకంత ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు. మీ అక్క మా దగ్గర చదివిందా?"

డార్లా గరిటె దించి ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది.

"మీకు చెప్పలేదా? మీరు కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది, జట్టు ఎంపికల్లో అందరికంటే ముందు ఇంటికి పంపించింది మా అక్కనే. ఆ ఏడాదంతా కంచె ఇవతల నిలబడి మీ ఆటలన్నీ చూసింది."