బ్రేకు విప్పిందెవరు?

ట్రైలర్ ఎడమ చక్రం కింద బ్రేక్ ఆయిల్ మడుగు కట్టి ఉంది.

ఇంటావిడ నేలమీద వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి టార్చి వేసింది. మరుక్షణం కేక వినిపించింది.

"ఎవరో కావాలనే బ్రేకు స్క్రూ విప్పారు! చుక్క ఆయిల్ మిగల్లేదు!"

ట్రైలర్ మీద పడవ ఉంది. ముందు జీపు తగిలించి ఉంది. రేవు దగ్గర రోడ్డు నిచ్చెన వాల్చినట్టు దిగుతుంది. బ్రేకుల్లేకుండా అక్కడ దిగితే పడవే జీపును నీళ్లలోకి నెట్టేస్తుంది.

"దానంతటదే వదులయిందేమో," అన్నాడు భర్త.

"నేను బిగించింది దానంతటదే వదులవుతుందా?"

ఇంటి పక్కనున్న మెకానిక్ షెడ్డు ఆవిడదే. ఈ ట్రైలర్‌కు డిస్క్ బ్రేకులు వేసింది కూడా ఆవిడే.

వరండాలో ఆవిడ తండ్రి టోపీ పెట్టుకుని, తయారై కూర్చున్నాడు. జీవితమంతా ఓడల్లో గడిపిన మనిషి. నాన్నను పడవలో తిప్పాలని కూతురు ముచ్చటపడి పిలిపించింది.

"ఇంకోసారి వెళ్దాం లెండి మామయ్యగారూ!" అల్లుడి గొంతులో విచారం కన్నా హుషారు ఎక్కువగా ఉంది.

"నీ ఇష్టం బాబూ. నాకు సముద్రం కొత్తా ఏమిటి? తుఫానొచ్చి ఓడంతా ఉరుకులు పరుగులు పెడుతుంటే, నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు తెలుసా!"

"తెలుసండీ. నిన్న భోజనాల దగ్గర కూడా చెప్పారు."

అల్లుడి హుషారుకు కారణముంది. ఆ పడవ ఇంతవరకు నీళ్ల మొహం చూడలేదు. ప్రతి ఆదివారం ఒక్కడే దాన్ని తీసుకెళతాడు. రేవు దాకా వెళ్లి, నీడ చూసుకుని ఆపి, పడవలోనే ఓ కునుకు తీస్తాడు. వచ్చేటప్పుడు చేపలు కొనుక్కొస్తాడు. 'అల్లుడంటే నీళ్లలో చేపలా ఉండాలి' అని మామగారు పట్టుబడితే, పెళ్లికి ముందు కోసిన కోతల్ని నిలబెట్టుకోడానికే ఈ పాట్లన్నీ. ఈరోజు నిజం బయటపడితే, మనిషి మునక్కుండానే పరువు మునుగుతుంది.

అందుకే ఆ స్క్రూ విప్పిన పుణ్యాత్ముడెవరో గానీ, మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"ఇంకోసారేమిటి? అరగంటలో ఆయిల్ పోసి, బ్రేకు గొట్టంలో చేరిన గాలి తీసేస్తా. బయల్దేరదాం," అంటూ ఆవిడ చక్రం ఊడదీసింది.

ఊడదీసి, లోపలికి తొంగిచూసింది.

"ఏమండీ, ఇలా రండి. ఉప్పునీళ్లలో దింపినప్పుడల్లా బ్రేకుల్ని మంచినీళ్లతో కడగమన్నాను. కడుగుతున్నారా?"

"ప్రతి వారం!"

"మరి వీడెవడు?"

బ్రేకు వెనక సాలెగూడు. దాని మధ్యలో బలిసిన సాలెపురుగు కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"తుప్పు లేదు. ఉప్పు లేదు. దుమ్ము మాత్రం వేలు మందాన ఉంది. వీడు కూడా మీతోపాటు సముద్రంలో ఈత కొడుతున్నాడా?"

అతను నీళ్లు నమిలాడు. ఈత రాకపోయినా ఆ పని మాత్రం బాగానే చేశాడు.

"నాకు నీళ్లంటే భయమే!"

"మరి ఆ చేపలు?"

"కొన్నవి."

"ఆ సంగతి నాతో చెప్పి ఏడవచ్చుగా! దానికోసం బ్రేకు విప్పుతారా? అదీ నేను వేసిన బ్రేకు?" పానా పైకి లేచింది.

"నీమీద ఒట్టు! నేను దాని జోలికే పోలేదు. అసలు స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో నాకు తెలిస్తేగా!"

అదీ నిజమే. ఇంట్లో సీసా మూత బిగుసుకున్నా ఆవిడే తీయాలి. పానా మెల్లగా కిందికి దిగింది.

"మరి ఎవరు విప్పినట్టు?"

వరండాలో కుర్చీ కిర్రుమంది. పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అల్లుణ్ణేమీ అనకు తల్లీ, విప్పింది నేనే, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడ అడుగున ఇంజను గదిలో తలుపేసుకు కూర్చున్నది నీళ్లు కంటబడకుండా ఉంటాయనే!"