సుగుణ గొంతు

భర్త కంటి ఆపరేషన్ బాగా జరగాలని కామాక్షమ్మ నలభై రోజులు సహస్రనామ పారాయణ మొక్కుకుంది. రోజూ ఫోన్‌లో ఒక శ్లోకం తను, మరో శ్లోకం ఆడపడుచు సుగుణ. ఏడాదికోసారి చార్జింగ్ పెట్టే కొత్త ఫోన్లు గనుక మధ్యలో ఆగిపోయే బెడద లేదు.

ముప్ఫై తొమ్మిదో రోజు, ప్రసాదం ఇద్దామని చదువుకుంటూనే పక్కవీధిలోని సుగుణ ఇంటికి నడిచింది.

సుగుణ టీవీ చూస్తూ బఠాణీలు ఒలుస్తోంది. పక్కన ఫోను ఆమె గొంతుతో శ్లోకం అందుకుంది.

"ఎన్నాళ్ళుగా?"

"రెండో రోజు నుంచీ, వదినా. నాకంటే అదే తప్పుల్లేకుండా చదువుతుంది. నీదీ అలా పెట్టేసుకో, అవే చూసుకుంటాయి."

"తప్పులు చదివినా నువ్వు చదివితే చాలనుకున్నానే. ఆయన నీకు అన్న కాదూ?"

సుగుణ ఇంకో బఠాణీ కాయ అందుకుంది. ఫోను శ్లోకం ముగించి, ఆమె గొంతుతోనే, "వదినా, నీ వంతు" అంది.